పేకాటలోని నేర్పు కాయకమగునా?

గుంటూరు నుండి గోవాకు పోవు అమరావతి ఎక్స్‌ప్రెస్ మార్గము శివభక్తులకు పరిచితమైనదే. నరసరావుపేట, వినుకొండ దాటి అది మార్కాపురము రోడ్డు స్టేషను చేరును. శ్రీశైల యాత్రికులు అనేకులు దిగునది అచటనే. పిదప నల్లమల కొండల నడుమ నుండి నంద్యాల, గుంతకల్లు, బళ్ళారి, గదగు, హుబ్బళ్ళి, ధారవాడల మీదుగా, అనగా శరణుల వచనములు పుట్టిన కన్నడసీమను అడ్డముగా దాటి, సహ్యాద్రి దిగి పడమటి సముద్రతీరమున ఆగును. ఆ బండిలో మిరప వ్యాపారులు, ప్రత్తి మిల్లుల వారు, కాంట్రాక్టర్లు, సెలవు దొరికిన యువకులు ప్రయాణము చేయుచుందురు. వారిలో కొందరు సముద్రము చూచుటకు పోవుదురు. కొందరు సముద్రమును చూడకయే తిరిగి వత్తురు. ఈ రెండవ తరగతి వారు పోవునది పణజి పట్టణమున మాండవీ నదిలో లంగరు వేసికొనియున్న జూదపుటోడలకు.

ఆ ఓడలు చాటుమాటు వ్యవహారములు కావు. 1976 నాటి గోవా జూద నిరోధక చట్టమునకు 1990 దశకమున చేసిన సవరణలచే వానికి అనుమతి లభించినది. దీపములు వెలుగుచుండ, వాద్యములు మ్రోగుచుండ, చిన్న పడవలపై జనులను ఎక్కించుకొని పోయి ఓడకు చేర్తురు. ఇందు ఒక విశేషము కలదు. గోవా ప్రభుత్వము 2020 నుండి తన రాష్ట్రవాసులు ఆ ఓడలలో ఆడుటను నిషేధించి, పైరాష్ట్రముల వారికి మాత్రము ద్వారములు తెరచియుంచినది. తన యింటి బిడ్డకు కూడదని తెలిసిన అన్నమును అతిథికి వడ్డించుట ఎట్టి ఆతిథ్యమో వారే చెప్పవలెను.

అచటికి పోవువారిలో ఒక తరహా మనిషిని గూర్చి యిచట ఆలోచింపవలసియున్నది. అతనికి పేరు పెట్టనవసరము లేదు. గుంటూరు, ఒంగోలు, చిలకలూరిపేట ప్రాంతములలో అట్టివారు పలువురు కలరు గనుక ఎవరికి వారు ఒక పేరు తలచుకొనవచ్చును. అతడు పేకాటను బాల్యముననే నేర్చినవాడు. ఊరి రచ్చబండ వద్ద పదుమూడు ముక్కల రమ్మీ ఆడు పెద్దల వెనుక నిలువబడి, ఎవరి చేతిలో ఏ ముక్క యున్నదో ముఖము చూచి గ్రహించుట పదేండ్లకే అలవడినది. ఆ పెద్దలు తమ వ్యసనమునకు 'చతుర్ముఖ పారాయణము' అని పేరు పెట్టుకొని నవ్వుకొనెడివారు. తెలుగువాడు తన దోషమును కప్పిపుచ్చుటకు సంస్కృతమును వాడుకొన్నంతగా తన పుణ్యమును చెప్పుకొనుటకు వాడుకొనలేదేమో!

ఇతడు మూడుముక్కలాటను, లోనా బయటాను, సంక్రాంతి కోడిపందెములను చిన్నచూపు చూచును. అవి మూర్ఖుల ఆటలని అతని అభిప్రాయము. క్యాసినోలో తిరుగు చక్రపు టాట చుట్టును మూగు జనమును చూచియు జాలిపడును. ఆ చక్రమున 37 గదులుండును. గెలిచినవానికి పందెమునకు 35 రెట్లు మాత్రమే యిత్తురు. ఆ తేడాయే యజమానికి నిత్యాదాయము. ఎంతటి మేధావియు ఆ లెక్కను జయింపజాలడు. ఇతడు కూర్చుండునది పోకరు బల్ల వద్ద. అచట ఆటగాడు క్యాసినోతో ఆడడు. ఎదుటనున్న ఆటగాండ్రతో ఆడును.

పోకరు తెలియని పాఠకులకు కొంత చెప్పవలసియున్నది. ఒక్కొక్క ఆటగానికి రెండేసి ముక్కలు రహస్యముగా పంచెదరు. బల్లమీద అందరికిని ఉమ్మడిగా మొదట మూడు, పిదప ఒకటి, ఆ పిదప ఒకటి, వెరసి ఐదు ముక్కలు వెల్లడించెదరు. తన రెండింటిని, ఉమ్మడి ఐదింటిని కలిపి మేలైన ఐదు ముక్కల జట్టును కూర్చినవాడు విజేత. నడుమ నాలుగు పర్యాయములు పందెము పెంచుటకు గాని, ముక్కలు పడవేసి తప్పుకొనుటకు గాని అవకాశముండును. 52 ముక్కలనుండి ఐదు ముక్కల జట్లు 25,98,960 ఏర్పడును; వానిలో సర్వోత్తమమైనవి నాలుగే. చేతికి రెండు ఆసులు కలిసి వచ్చుట 221 పర్యాయములలో ఒక్కసారి. ఈ లెక్కలు అతనికి కరతలామలకములు. కాని ముక్కలు లేకున్నను ఉన్నట్లు నటించి ఎదుటివానిని బెదరించి తప్పుకొనునట్లు చేయుటయు, ఎదుటివాని నటనను పసికట్టుటయు లెక్కకు మించిన విద్య. తెల్లవార్లు కూర్చుండియు వచ్చిన ముక్కలలో ఎక్కువ భాగమును ఆడకయే పడవేయుట ఆ విద్యలో ప్రథమ పాఠము.

అతని దినచర్య విన్నవారు ఆశ్చర్యపడుదురు. జూదరి యనగా త్రాగి తూలుచు, మెడలోని గొలుసు కుదువబెట్టువాడని లోకము తలచును. ఇతడు బల్ల వద్ద మద్యము ముట్టడు. పగటిపూట నిద్రించి, సాయంకాలము నదీతీరమున నడచి, మితముగా భుజించి పడవ యెక్కును. ఆ రాత్రికి ఇంత సొమ్ము అని ముందే నిర్ణయించుకొని, అది పోయినచో లేచిపోవును. చిన్న పుస్తకమున ప్రతి రాత్రి ఆడిన గంటలు, గెలుపోటములు, చేసిన పొరపాట్లు వ్రాసికొనును. గెలిచినంత మాత్రమున తీసికొన్న నిర్ణయము మంచిదనియు, ఓడినంత మాత్రమున చెడ్డదనియు తలపరాదని అతని సూత్రము. సరియైన పనిచేసియు ఓడుట, తప్పు పనిచేసియు గెలుచుట ఆ బల్ల వద్ద ప్రతి రాత్రియు జరుగును. దురదృష్టముచే ఓడినవాడు కోపమునకు లోబడి, పోయిన సొమ్ము వెంట పరుగెత్తి, ఉన్నదెల్ల పోగొట్టుకొనుట అతడు వందల పర్యాయములు చూచినాడు. తనకు కోపము వచ్చినపుడు లేచి ఓడ పైతట్టునకు పోయి, చీకటిలో నీటిని చూచుచు నిలుచును.

ఇన్ని సుగుణములుగల వాని పనిని తప్పనుటకు తగిన కారణము కావలెను. 'జూదము పాపము' అని ఒక్కమాటతో త్రోసివేసినచో అతడు నవ్వి ఊరకుండును. నవ్వుటకు హక్కును కొంత కలదు. ఏలయన ఇంద్రియ నిగ్రహము, లెక్క, ఓర్పు, ఫలాపేక్షను నిర్ణయమునుండి వేరుచేసి చూచు బుద్ధి, ఇవి పెక్కుమంది గృహస్థులలో కానరావు. సత్యము చెప్పవలెనన్న, ఈ పాఠమును మిరప రైతు అతనినుండి నేర్చుకొనవచ్చును. 1987లో ప్రకాశము, గుంటూరు జిల్లాల ప్రత్తిని తెల్లదోమ నాశనము చేసినపుడు, మందు పనిచేయకున్నకొలది మరింత మందు చల్లినవారే ఎక్కువ. కొత్తగా వచ్చిన పైరెత్రాయిడు మందులను పదేపదే చల్లుటచే దోమను తినెడు మేలు పురుగులు నశించి, దోమ మరింత పెరిగినది. పోయిన సొమ్ము వెంట అప్పుసొమ్ము పరుగెత్తినది. ఆ ఏటనే ప్రకాశము జిల్లాలో ప్రత్తి రైతుల ఆత్మహత్యలు దేశమునెల్ల కలచివేసినవి. ఎప్పుడు లేచిపోవలెనో వారికెవరును చెప్పలేదు; చెప్పినను లేచిపోవుటకు వారికి వేరు చోటు లేకుండెను.

ఇతడు తన పక్షమున మూడు వాదములు చెప్పును. మొదటిది చట్టము. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై పోలీసులు పెట్టిన కేసులో 1967 నవంబరున సుప్రీముకోర్టు తీర్పు చెప్పుచు, రమ్మీ కేవలము అదృష్టముపై ఆధారపడినది కాదనియు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుట, ఏది ఉంచి ఏది విడువవలెనో ఎరుగుట అందు ముఖ్యమనియు, కావున అది ప్రధానముగా నేర్పుగల ఆటయనియు నిర్ణయించెను. మూడుముక్కలాటను మాత్రము వేరుగా నుంచెను. రాష్ట్రమున క్లబ్బులు వర్ధిల్లుటకు ఆ తీర్పు పునాదియైనది. అయితే అదే తీర్పున, క్లబ్బు యజమాని ఆటనుండి లాభము గడించినచో నేరము కావచ్చునన్న మాటయు కలదు. దానిని చదివినవారు తక్కువ. 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టము వచ్చినది. 2020లో దానిని సవరించి సెల్‌ఫోనులలో ధనము ఒడ్డి ఆడు ఆటలను రాష్ట్రము నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని అట్టి చట్టమునే చేసి, నేర్పైనను అదృష్టమైనను ధనమొడ్డు ఆన్‌లైను ఆట కూడదనెను. ఓడలపై ఆటను ఆ చట్టము ముట్టలేదు. అర్ధ శతాబ్దికి పైగా న్యాయస్థానములు విడదీసి చూచిన నేర్పు, అదృష్టముల భేదమును ఆ శాసనము ఒక్క వాక్యముతో పక్కనబెట్టినది. ప్రభుత్వమునకు తెలిసినను తెలియకున్నను, ఆ ప్రక్కకు పెట్టుట యందే అసలు ప్రశ్న కలదు. నేర్పు ఉన్నదా లేదా యన్నది ప్రశ్న కాదు. దొంగతనమునను నేర్పు కలదు. ఆ నేర్పు ఎవరి యింటికి ఏమి చేయుచున్నదన్నది ప్రశ్న.

రెండవ వాదము బలమైనది. "మీరాడునది జూదము కాదా?" అని అతడు తన అన్నదమ్ములను అడుగును. వారు మిరప పండించువారు. ఆషాఢ శ్రావణములలో నారు పోసి, నాటి, పుష్యమాసమునుండి చైత్రము వరకు కాయ కోయించి, కల్లములో ఆరబోసి, తాలు వేరు చేసి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు తెచ్చుదాక వారి చేతిలో ఉన్నదేమి? 2021లో నల్లతామర పురుగు ఎచటినుండియో వచ్చి పూతలో చేరి ఆ యేటి తోటలను చాలవరకు పాడుచేసినది. 2023లో క్వింటాలు ఇరువది వేలకు పైబడి పలికిన కాయ, 2025 నాటికి ఎంతగా పడిపోయెననగా కేంద్ర ప్రభుత్వము 11,781 రూపాయలు క్వింటాలుకు నిర్ణయించి ఆదుకొనవలసి వచ్చెను. ఒక యేడు ధర చూచి మరుసటి యేడు కౌలుకు పది ఎకరములు ఎక్కువ పట్టి, వడ్డీకి తెచ్చి పెట్టుబడి పెట్టిన రైతు పందెము కాయలేదా? శీతల గిడ్డంగిలో సరుకు నిలువచేసి ధరకై కాచుకొన్న వ్యాపారి ముక్కలు చేతబట్టుకొని కూర్చున్నవాడు కాడా?

ఈ మాటను తేలికగా కొట్టివేయరాదు. కౌలు పెంచి, అప్పు పెంచి, ఒక్క పంటతో జీవితము మార్చుకొనవలెనని నాటినవాని మనసులో జూదపు పాలు కలదు. దాచుట సరే గాని, ఇతరుల సరుకు కూడ కొని దాచి కొరత కల్పించు వ్యాపారి యందు మరింత కలదు. అది ఒప్పుకొనవలసినదే. కాని పొలమునకు, బల్లకు నడుమ ఒక గట్టు కలదు. పొలమున అపాయము పనితో కూడ వచ్చును. ఎవరును దానిని కోరి పిలువరు, వానలు సకాలమున పడి, పురుగు రాకుండినచో రైతు సంతసించును. బల్ల వద్ద అపాయము తీసివేసినచో ఆటయే లేదు. రైతు నష్టపోయిన యేడును నాలుగు టిక్కీల కాయ లోకమునకు చేరును, తొడిమలు తీయు స్త్రీలకు కూలి దొరకును, ఎవరి యింటనో పచ్చడి కలుపబడును. బల్లమీద రాత్రియంతయు శ్రమించిన తొమ్మండుగురు లేచిపోవునప్పటికి అచట కొత్తగా పుట్టినదేదియు లేదు. వచ్చినపుడున్న ధనము కంటె పోవునపుడు తక్కువగా నుండును. ఏలయన ప్రతి పందెపు కుప్పనుండి ఓడవారు తమ భాగము తీసికొందురు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ద్యూతాధ్యక్షుడు గెలుపుసొమ్మునుండి నూటికి ఐదు గ్రహింపవలెనని వ్రాసియున్నది. రెండువేల యేండ్లకును ఆ పద్ధతి మారలేదు.

ఇంతకంటె సూక్ష్మమైన భేదము మరియొకటి కలదు. దానిని ఆ ఆటగాడే, తనకు తెలియకయే, తన పుస్తకమున వ్రాసికొన్నాడు: ఆడుటకు ముందు ఏ బల్ల వద్ద కూర్చుండవలెనో ఎన్నుకొనుట సగము గెలుపు. అనగా తనకంటె తక్కువ తెలిసినవారు ఎచట కూర్చున్నారో వెదకుట. పోకరులో ప్రపంచమున పదవ స్థానమున నున్నవాడు తనకంటె మేలైన తొమ్మండుగురితో కూర్చున్నచో ఓడిపోవును. కావున నిపుణుడు వెదకునది నిపుణుని కాదు. పెండ్లి బృందముతో వచ్చిన వరుని స్నేహితుని, మొదటి జీతముతో వచ్చిన కుర్రవానిని, యార్డులో సరుకు అమ్మి ఆ రాత్రి ధైర్యము మీదున్న రైతును.

కాయకమున ఇది తారుమారు. మంచి నేతగాని ప్రక్కనున్న నేతగాడు బాగుపడును. మెళకువ తెలిసిన రైతు గట్టు ప్రక్క రైతు అతనిని చూచి నేర్చును, విత్తనము అడిగి తెచ్చుకొనును. వడ్రంగి తన నేర్పును కొడుకునకు నేర్పుట గొప్పగా భావించును. పోకరు నిపుణుడు ఎదుట కూర్చున్నవానికి ఆట నేర్పడు. నేర్పినచో తన బ్రతుకు పోవును. అంతే కాదు, తన కొడుకు ఆ బల్ల వద్ద కూర్చుండుట అతనికిని ఇష్టము లేదు. ఈ సంగతి అతనిని అడిగినవారు కొంతసేపు మౌనమును వినియున్నారు. చదరంగమునను ఒకడు గెలిచినపుడు మరొకడు ఓడునుగదా యని వాదింపవచ్చును. ఓడును. కాని చదరంగపు బల్లనుండి లేచి ఇంటికి పోయినవాడు కొడుకు కాలేజీ రుసుము పోగొట్టుకొని పోడు. వకీలుల పోరు, టెండర్ల పోరు ఇట్టివి కావాయన్న ప్రశ్న మిగిలియే యుండును. అది వేరొక వ్యాసమునకు తగినది.

పూర్వులు నేర్పు విషయము నెరుగనివారు కారు. ఋగ్వేదము పదవ మండలమున ఒక జూదరి మొర కలదు. అందలి పాచికలు తాండ్రచెట్టు కాయలు. భార్య విడనాడినది, అత్త ద్వేషించుచున్నది, అప్పుల వారికి వెరచి రాత్రివేళ పరుల యిండ్ల చుట్టును తిరుగుచున్నాడు. తుదకు వానికి దొరకిన ఉపదేశము యజ్ఞము గాదు, తపస్సు గాదు. పాచికలు విడిచి పొలము దున్నుకొమ్మని. నలోపాఖ్యానమున అదే తాండ్రచెట్టు మరల కనబడును. ఋతుపర్ణ మహారాజు రథముపై పోవుచు ఆ చెట్టు ఆకులను, కాయలను చూపుమేర లెక్కగట్టి చెప్పును. బాహుకుని రూపముననున్న నలుడు చెట్టు నరికి లెక్కించి చూడగా సరిపోవును. ఆ విద్యయే అక్షహృదయము. నేటి ఆటగాడు లెక్కగట్టు అవకాశ గణితమునకు అది తాతముత్తాత. నలుడు దానిని నేర్చిన క్షణమున కలి అతనిని విడిచినాడు. నలుడు దానితో ఒక్కసారి ఆడి, పుష్కరుని గెలిచి, రాజ్యము తిరిగి పొంది, పిమ్మట పుష్కరుని ప్రాణముతో విడిచి, అతని భాగము అతనికిచ్చి పంపెను. నేర్పు వచ్చిన పిమ్మట నలుడు దానిని వృత్తిగా పెట్టుకొన్నాడని కథ చెప్పదు. పల్నాటివారి కథ వేరు. బసవేశ్వరుడు కళ్యాణమున నున్న శతాబ్దముననే, నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు కోడిపందెమున ఏడేండ్ల వనవాసమును ఒడ్డిరి. పందెము ముగిసినను పగ ముగియలేదు. కారెంపూడి రణరంగమున వీరులందరును ఒరిగిన పిదప గాని లెక్క తేలలేదు.

ఆటగాని మూడవ వాదము మఠములకు సంబంధించినది. "గెలిచిన సొమ్ములో కొంత నేను దాసోహమునకు ఇత్తును. ఏటేట జాతరకు బియ్యము పంపుదును. శివార్పణమైన ధనమునకు దోషమేమి?" అని అతడడుగును. ఇది ఊహామాత్రము కాదు. దాసోహ భవనములకు, కల్యాణ మండపములకు ధనము కావలెను. శిలాఫలకములపై పేర్లు చెక్కుదురు. ప్రతి దాత ధనము ఎట్లు వచ్చినదో విచారింపబూనినచో ఏ మఠమునను గోడ లేవదు. హుండీలో పడిన నాణెమునకు నోరు లేదు.

అతడు తన వాదమునకు మూర్ఖ నాయనారును సాక్షిగా పిలువవచ్చును. పన్నెండవ శతాబ్దమున శేక్కిళారు రచించిన పెరియ పురాణమున అరువది మువ్వురిలో ఒకడైన ఈ భక్తుడు తిరువేర్కాడువాడు. శివభక్తులకు అన్నము పెట్టుటయందు ఆస్తినంతయు కరగించి, ఇక పెట్టుటకేమియు లేక, తనకు తెలిసిన పాచికలాటను ఆశ్రయించినాడు. ఊరూర తిరిగి కుంభకోణము చేరినాడు. మొదటి ఆట ఓడి, పిదప ఆటలు గెలిచి, ఆ సొమ్ముతో భక్తులకు వండించి, అందరును తిన్న పిదపనే తాను తినెడివాడు. ఆటలో మోసగించినవారిని కత్తితో పొడిచెడివాడు గనుక మూర్ఖుడను పేరు వచ్చినది. పురాణము అతని భక్తిని దాచలేదు; అతని పేరును మార్చలేదు. ఈ రెండును కలిపి చదువవలెను. మరియు అతడు జూదమునకు వచ్చినది తన కున్నదెల్ల ఇచ్చిన పిదప. నేటి దాత గెలుపులో పదవ పాలు ఇచ్చి తొమ్మిది పాళ్ళు ఉంచుకొని, నాయనారును ఉదాహరించుట కొంచెము అతిశయోక్తి.

కళ్యాణమున దాసోహమనగా పెట్టుట మాత్రమే కాదు, ఎచటనుండి తెచ్చి పెట్టుచున్నాడో చెప్పగలుగుట కూడ. బిజ్జలుని భాండాగారమును బసవన్న జంగములకు దోచిపెట్టుచున్నాడని కొండెములు చెప్పగా రాజు లెక్క చూడవచ్చెను. బసవన్న నేను భక్తుడనని తప్పుకొనలేదు, లెక్క చూపించెను. ఒక్క కాసును తగ్గలేదని బసవపురాణ కథ. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల చరిత్ర ఇంకను దగ్గరది. మారయ్య కాయకము మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలు ఏరుట. ఒకనాడు అతడు ఎప్పటికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. నేటికి కావలసినది ఉంచి, అధికమైనది తెచ్చినచోటనే పోసిరమ్మని భర్తను పంపెను. ఆ బియ్యము దొంగసొత్తు కాదు, పందెపు సొత్తు కాదు, కేవలము ఎక్కువ. అంతమాత్రమునకే ఆ యిల్లాలు అభ్యంతరము చెప్పినది.

ఇచట ఒక సంగతి గమనింపదగినది. కళ్యాణమున లెక్క చూచినది భార్య. గుంటూరులోని ఆటగాని యింట లెక్కల పుస్తకము ఆమెకు చూపబడదు. అయినను ఆమెకు లెక్క తెలియును. గెలిచిన రాత్రి గోవానుండి ఫోను వచ్చును. ఓడిన రాత్రి రాదు. నెలకు ఎన్ని రాత్రులు ఫోను మ్రోగలేదో ఆమె వేళ్ళపై ఎంచుకొనును. తెల్లవారుజామున లింగపూజకు కూర్చున్నపుడు ఆమె మనసు ఎచటనుండునో ఎవరును అడుగరు. అతని సమత్వము, నిగ్రహము అతనివే. వాని వెల ఆమె చెల్లించును.

మరి మఠము ఏమి చేయవలెను? చెప్పకయే యిచ్చిన ధనమును గూర్చి విచారణ సాధ్యము కాదు. కాని దాత స్వయముగా వచ్చి, ఇది పోకరులో గెలిచినదని చెప్పినపుడు, అతడు ధనము ఇచ్చుటకే కాక ప్రశ్న అడుగుటకు వచ్చినాడని తెలిసికొనవలెను. ఆ ధనమును పుచ్చుకొని విభూతి పెట్టి పంపినచో ప్రశ్నకు సమాధానము చెప్పినట్లే యగును. ఆ సమాధానము అతడు మరుసటి వారపు బండి ఎక్కుటకు టిక్కెట్టు వంటిది. నలుగురిలో అవమానించి పంపుటయు తగదు. అట్లు పంపబడినవాడు ఓడపై స్వాగతము చెప్పువారి వద్దకే పోవును. మఠము సంచిని తిరిగి యిచ్చి, మనిషిని ఉంచుకొనవలెను. లెక్క తెలిసినవాడు గనుక జాతర లెక్కలు వ్రాయించవచ్చును. రాత్రులు మేలుకొనుట అలవాటు గనుక దాసోహమునకు తెల్లవారుజామున పొయ్యి వెలిగించు పని అప్పగింపవచ్చును. ఓర్పు గలవాడు గనుక అప్పుల పాలైన కౌలురైతుల వద్ద కూర్చుండి, ఏ యేడు నాటవలెనో, ఏ యేడు మానవలెనో లెక్కగట్టి చెప్పింపవచ్చును. అతని నేర్పులో తప్పులేదు. అది కూర్చున్న బల్ల తప్పు.

సంచి విషయము మాత్రము అంత సులభముగా తేలదు. పుష్కరుడు నలుని ఎదుటనే యుండెను. అతని భాగము అతనికి ముట్టినది. మారయ్యకు గింజలు ఏరిన ముంగిలి తెలియును. తిరిగి పోయుటకు దారి తెలియును. ఆటగాడు ఆ ధనమును తెచ్చినచోట పోయవలెనన్న ఎచటికి పోవలెను? ఆ రాత్రి ఎదుట కూర్చున్నవాని ముఖము అతనికి బాగుగా జ్ఞాపకమున్నది, కనుబొమ లేచినపుడు చేతిలో మంచి ముక్క యున్నదని గుర్తుపట్టినాడు గదా! పేరు మాత్రము అడుగలేదు. వాడును అదే బండిలో తిరుగు ప్రయాణము చేసి, తెల్లవారకముందే ఏదో స్టేషనులో దిగిపోయెను.